ఇరవై నాలుగు ఆకుపచ్చ పాదాలు

ఎలుకను చేతిలోకి తీసుకోవడం ఒక విద్య అంటే నవ్వేవాళ్ళే ఎక్కువ. అలా నవ్వేవాళ్ళలో ఒక్కరు కూడా ఎలుకను పట్టుకుని ఉండరు.

మందుల చదువు చెప్పే ఆ కళాశాలలో మూడో అంతస్తు చివర ఒక పొడవాటి గది ఉంది. ఎప్పుడు వెళ్ళినా పొట్టు వాసనా, తడిసిన ఇనుము వాసనా కలిసి వస్తుంటాయి. ఆ గదిలో పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషిని అందరూ ఎలుకల బాబాయి అంటారు. జీతం కాగితంలో ఆయనకు వేరే పేరు ఉంది గానీ, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు.

చేరింది బోనులు కడగడానికి. మొదటి ఏడాది పదకొండుసార్లు కరిపించుకున్నాడు. నేర్పేవాళ్ళు లేరు. చదువుకున్నవాళ్ళు ఎలుకలను ఎలా పట్టుకుంటున్నారో పక్కన నిలబడి చూశాడు. వాళ్ళు తోక పట్టి ఎత్తేవాళ్ళు, ఎలుక కిచకిచలాడేది, వాళ్ళూ దాదాపు అంత పనీ చేసేవాళ్ళు. పట్టుకోవాలని చూస్తే ఎలుక దొరకదని ఆయనకు రెండో ఏడు అర్థమైంది. చేతిని బోనులో పెట్టి ఊరుకోవాలి. ఎలుక వచ్చి వాసన చూస్తుంది. అప్పుడు వీపు మీదుగా అరచెయ్యి, ముందుకాలి కింద బొటనవేలు. తన ఇష్టంతోనే వచ్చి కూర్చున్నానని అది అనుకోవాలి. అంతే. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు, రావడానికి రెండేళ్ళు.

సోమవారం సోమవారం గోళ్ళు తీసుకుంటాడు. గ్లౌజు వేసుకోడు, వేసుకుంటే ఎలుక గుండె చప్పుడు వేళ్ళకు అందదంటాడు. వాసన సబ్బు వాడడు. "మా ఇంట్లో పందొమ్మిదేళ్ళుగా మంచి సబ్బన్నది లేదు. ఈయన నాకంటే ఎలుకలకే ఎక్కువ భయపడతాడు" అని ఆయన భార్య పక్కింటావిడతో అంటుంటుంది. నిజమే గనక ఆయన ఎదురు చెప్పడు.

ఆ గదిలో ఆయన అసలు పని వాపు కొలవడం. సముద్రపు నాచులోంచి తీసిన ఒక పొడి ఉంటుంది. దాన్ని నీళ్ళలో కలిపి ఎలుక వెనక పాదంలో చుక్కంత ఎక్కిస్తే గంటగంటకూ ఆ పాదం వాస్తుంది, మర్నాటికి దిగిపోతుంది. పరీక్షించాల్సిన మందు ముందే ఇచ్చి ఉంటే వాపు తగ్గాలి. తగ్గిందో లేదో కంటితో చెప్పలేం కాబట్టి గాజుగొట్టంలో నీళ్ళు పోసి, చీలమండ దగ్గర గీసిన సిరా గీత దాకా పాదాన్ని ముంచుతారు. పక్కనున్న సన్నగొట్టంలో నీళ్ళు ఎంత పైకి లేస్తే పాదం అంత. గీతకు వెంట్రుకవాసి పైన ముంచినా, కింద ముంచినా లెక్క తప్పే. బాబాయి చేతిలో పాదం ఎప్పుడూ గీత దగ్గరే ఆగేది.

తన చెయ్యి తప్పుతోందో, గొట్టం తప్పుతోందో తెలుసుకోవడానికి ఆయన ఒక కొయ్యకాలు చేసుకున్నాడు. పాత కుర్చీకోడు ముక్కను ఎలుకపాదం అంత చెక్కి, నీళ్ళు తాగకుండా మైనం పట్టించి, గీత గీశాడు. అది ముంచితే ఒకటిన్నర మిల్లీలీటర్లు రావాలి. రోజూ పొద్దున్నే ముంచుతాడు, ఒకటిన్నర వస్తుంది, అప్పుడు గాని పని మొదలుపెట్టడు. మొదట్లో కుర్రసార్లు దాన్ని చూసి నవ్వారు. ఆ నవ్విన సార్లే తర్వాత తర్వాత బజారులో కొన్న సామాను సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి కొయ్యకాలును అరువడిగి తీసుకెళ్ళేవారు. మళ్ళీ తెచ్చి ఇచ్చేటప్పుడు మాత్రం నవ్వేవారు కాదు.

ఇక ఆకు సంగతి.

బాబాయి ఇంట్లో అత్తగారు ఉంటుంది. డెబ్బై మూడేళ్ళు, పళ్ళన్నీ ఉన్నాయి, మాటలు అంతకంటే ఎక్కువ. వెనక గోడవార పగిలిన బకెట్లలో ఆవిడ ఒక మొక్క పెంచుతుంది. మందమైన ఆకు, నలిపితే తడిపలక వాసన వేస్తుంది. ఆవిడ దాన్ని వాపాకు అంటుంది. వాళ్ళమ్మ కూడా అలాగే అనేదట. కాలు బెణికినా, మోకాలు వాచినా ఆ వీధివాళ్ళు ముందు ఆవిడ దగ్గరకొచ్చి తర్వాత డాక్టరు దగ్గరకు వెళ్తారు. డాక్టరు దగ్గర తగ్గినా పేరు ఆవిడకే వస్తుంది.

కళాశాలలో ఒక అమ్మాయి పరిశోధనకు మొక్క వెతుక్కుంటూ ఏడాదిగా తిరుగుతోంది. అందరూ థీసిస్ అమ్మాయి అని పిలుస్తారు. ఏ మొక్క పేరెత్తినా ఎవరో ఒకరు ముందే చేసేశారని తేలేది. ఒకరోజు ఆ అమ్మాయి ఎలుకల గదిలో బల్ల మీద తల వాల్చి కూర్చుంటే చూడలేక బాబాయి తన సంచిలోంచి రెండు ఆకులు తీసి ముందు పెట్టాడు. వృక్షశాస్త్రం సారు దానికి రెండు మూరల పేరొకటి చెప్పి, దీని మీద ఎవరూ పని చేయలేదన్నాడు. అమ్మాయి కళ్ళు వెలిగాయి.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు రెండు బకెట్ల ఆకు కళాశాలకు వెళ్ళిపోయిందని అత్తగారికి సాయంత్రం తెలిసింది.

"ఏం అల్లుడూ, నలభై ఏళ్ళుగా మనుషుల మీద చూశాను. ఇప్పుడు ఎలుకలొచ్చి సర్టిఫికెట్ ఇవ్వాలా నాకు?"

"మీకు కాదత్తయ్యా. ఆకుకి."

"ఎలుకలు తగ్గలేదంటే?"

"తగ్గలేదని రాస్తారు."

"వాటి మొహం. వాటికేం తెలుసు" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. కానీ ఆ రోజు నుంచి మొక్కలకు నీళ్ళు రెండు పూటలా పోయడం మొదలుపెట్టింది.

పరీక్షకు వారం ముందు బాబాయి ఎడమ మణికట్టు బెణికింది. నీళ్ళసీసాల చట్రాన్ని ఒక్కడే ఎత్తబోయాడు. పైకి పెద్దగా ఏమీ కనబడలేదు, ఎలుకను పట్టి ముంచేటప్పుడు మాత్రం సన్నగా నొప్పి. ఆయన ఎలుకను పట్టేది ఎడమచేత్తోనే.

మామూలు రోజుల్లో అయితే చెప్పేవాడే. కానీ కొత్తగా వచ్చిన పెద్దమేడమ్ వాపు కొలిచే యంత్రం ఒకటి కొందామని చూస్తోంది. పాదం పెడితే అంకె పడుతుందట. యంత్రం వస్తే బాబాయిని కింద స్టోరుకు మార్చాలని ఒక కాగితం టైపు చేసి సొరుగులో ఉందని ఆఫీసు గుమస్తా చెప్పాడు. సంతకం ఒక్కటే బాకీ. స్టోరంటే సీసాలు, డబ్బాలు, తాళం. అక్కడ ప్రాణమున్నది ఏదైనా కనబడితే బొద్దింకే. చెయ్యి నొప్పి అని తెలిస్తే ఆ సంతకానికి అరక్షణం చాలు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఆయన నోరు కట్టేసుకున్నాడు.

ఇంట్లో మాత్రం దాగలేదు. అన్నం తినేటప్పుడు గ్లాసు కుడిచేత్తో ఎత్తడం చూసి అత్తగారు పట్టేసింది.

"ఎడమచెయ్యి ఎక్కడ మరిచిపోయొచ్చావు అల్లుడూ?"

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఆవిడ వాపాకు నూరి, వేడి చేసి, మణికట్టుకు మందంగా పట్టించి, పాత దుప్పటి పేలికతో కట్టేది. బాబాయి పైన పొడుగు చేతుల చొక్కా వేసి గుండీ పెట్టేవాడు. గేటు దగ్గర కాపలాదారు రోజూ అదే మాట అడిగేవాడు.

"ఏంటి బాబాయ్, ఈ ఎండలో ఫుల్ హ్యాండ్సు? ఎక్కడైనా ఇంటర్వ్యూనా?"

"ఆ, ఎలుకలు చేస్తున్నాయి."

మొదటి విడత పరీక్ష నాడు ఇరవై నాలుగు ఎలుకలు. ఆరు ఆరు చొప్పున నాలుగు జట్లు. ఒక జట్టుకు మందేమీ లేని ఉత్త బంకనీళ్ళు. ఒక జట్టుకు దుకాణంలో దొరికే వాపుమాత్ర. మిగతా రెంటికీ వాపాకు సారం, ఒకదానికి కొంచెం, ఇంకోదానికి రెట్టింపు. అన్నీ గొంతులోకే. ఏ ఎలుక ఏ జట్టుదో థీసిస్ అమ్మాయి పుస్తకంలోనే ఉంటుంది. బాబాయికి తెలియకూడదు, ఆయన అడగడు. తోక మీద నంబరు చూసి ముంచడం, నీటిమట్టం చదవడం, అంతవరకే.

"ఏడో నంబరు, ఒకటి పాయింట్ ఆరు."

"ఒకటి పాయింట్ ఆరా? సరిగ్గా చూడండి బాబాయ్."

"నేను ఒక్కసారే చూస్తానమ్మా. సరిగ్గానే చూస్తాను."

మూడో గంట అయ్యేసరికి అమ్మాయి మొహం వాడిపోయింది. బంకనీళ్ళు తాగిన ఎలుకల పాదాలు ఈపాటికి బుగ్గల్లా పొంగి ఉండాలి. పొంగలేదు. మాత్ర వేసుకున్నవి, ఆకు తాగినవి, బంకనీళ్ళు తాగినవి, అన్నీ ఒక తల్లి పిల్లల్లా ఒకే కొలతలో ఉన్నాయి. మందు ఇవ్వనివాటికే వాపు రాకపోతే ఇచ్చినవాటికి తగ్గిందని ఎలా చెప్పడం? పరీక్ష మొత్తం నీళ్ళలో పోసినట్టయింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ముందు నాచుపొడి మీద నెపం పెట్టారు. పాతదై ఉంటుందని కొత్త డబ్బా తెప్పించారు. సూదులు మార్చారు. చీలమండ మీద గీతలు గీసే ఆకుపచ్చ మార్కరు కూడా ఎండిపోతే, అమ్మాయి నల్లది కొనుక్కొచ్చింది. మూడు వారాల తర్వాత రెండో విడత. మళ్ళీ ఇరవై నాలుగు. మళ్ళీ ఒక తల్లి పిల్లలే.

పెద్దమేడమ్ మూడో అంతస్తుకు వచ్చింది. కాగితాలు రెండుసార్లు తిప్పింది. ఆవిడ కోపంగా మాట్లాడే మనిషి కాదు, అదే కష్టం.

"పొడి కొత్తది. సూది కొత్తది. ఎలుకలు కొత్తవి. రెండుసార్లూ మారనిది ఒక్కటే బాబాయ్."

ఆవిడ ఆయన చేతుల వైపు చూసింది. బాబాయి గబుక్కున ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"పందొమ్మిదేళ్ళంటే చిన్న విషయం కాదు. చేతులు కూడా అలసిపోతాయి. తప్పేం లేదు. వచ్చే వారం ఆ యంత్రం సంగతి, మిగతా సంగతి తేల్చేద్దాం" అని వెళ్ళిపోయింది.

మిగతా సంగతి ఏమిటో బాబాయికి తెలుసు.

అమ్మాయి ఇంటికి వెళ్ళిపోయాక ఆయన కొయ్యకాలు తీసి ముంచాడు. ఒకటిన్నర. తుడిచి మళ్ళీ ముంచాడు. ఒకటిన్నర. కళ్ళు మూసుకుని ముంచి, తెరిచి చూశాడు. ఒకటిన్నరే. చెయ్యి అబద్ధం చెప్పడం లేదు. అంటే వాపు నిజంగానే రాలేదు. చెయ్యి సరే, పొడి సరే, మరి ఎలుకలన్నీ కూడబలుక్కున్నాయా?

ఏమీ తోచనప్పుడు ఆయన బోనులు కడుగుతాడు. ఆ రోజూ అదే చేశాడు. ఒక్కో ఎలుకనూ తీసి పక్క పెట్టెలోకి మారుస్తూ, అలవాటుగా పాదం తిప్పి చూశాడు. తెల్లటి పాదం మీద లేతగా ఆకుపచ్చ మరక. మార్కరు సిరా అంటిందనుకుని వదిలేశాడు. పోయినసారీ అంతే, పాదాలూ గొట్టంలో నీళ్ళూ కాస్త పచ్చగానే ఉన్నాయి. మూడో ఎలుక పాదమూ పచ్చగానే ఉంది. నాలుగోది కూడా. అయిదో ఎలుక దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది.

ఈసారి మార్కరు నల్లది.

ఇరవై నాలుగు ఎలుకలనూ వరసగా చూశాడు. ఇరవై నాలుగు పాదాలూ ఆకుపచ్చవే. ఆకు తాగినవీ తాగనివీ అన్న తేడా లేదు. తాగినవాటికైనా గొంతులోకి పోసిన మందు పాదాల్లోంచి ఎలా వస్తుంది? అలా ఆలోచిస్తూ ఇరవై నాలుగో ఎలుకను దింపుతుంటే, చొక్కా చేతి అంచు కనబడింది. పొద్దున తెల్లగా ఉన్న అంచు. ఇప్పుడు గోడవార నాచు పట్టినట్టుంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆయన పని. గుండీ విప్పాడు. అత్తగారి కట్టు తడిసి ముద్దయి ఉంది. ఎలుకను పట్టుకున్న ప్రతిసారీ ఆ మణికట్టు గొట్టం అంచుకు ఆనుతుంది. రసం నీళ్ళలోకి. ఆ నీళ్ళలో ప్రతి పాదం గంటకోసారి ముంచాడు. తర్వాత బొటనవేలితో తుడిచి మరీ వదిలాడు. కళాశాలలో ఇద్దరు డాక్టరేట్లు, ఒక థీసిస్సు, నాలుగు జట్లు ఉండగా, అన్ని ఎలుకలకూ వైద్యం చేసింది మాత్రం ఆయన అత్తగారు.

ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది కూడా.

ఏం చేయాలో ఆలోచించాడు. రేపటి నుంచి కట్టు మానేస్తే చాలు. మూడో విడత చక్కగా వస్తుంది. ఎవరికీ ఏమీ తెలియదు. కానీ ఎలుకల వాడకానికి అనుమతిచ్చే కమిటీ వాళ్ళు ఇచ్చింది మూడు విడతలకే. రెండు ఎందుకు పాడయ్యాయో రాయకపోతే మూడోది కదలదు. ఏం రాస్తారు? అమ్మాయి పొరపాటని రాస్తారు. ఇంకోటి కూడా ఉంది. చెయ్యి రెండుసార్లూ ఉన్నది ఉన్నట్టే చెప్పింది. ఇప్పుడు నోరు దానికి ఎదురు చెబితే, రేపు ఆ చెయ్యి చెప్పినదాన్ని తనైనా ఎలా నమ్మడం?

ఇంటికెళ్ళి అత్తగారితో అన్నాడు. "అత్తయ్యా, మీ ఆకు పనిచేసింది."

"చేస్తుందని చెప్పానుగా."

"చేయకూడని ఎలుకలకి కూడా చేసింది."

"వాపున్న చోట చేస్తుంది గాని, వీళ్ళకి చెయ్యాలి వాళ్ళకి చెయ్యకూడదని దానికి ఎవరు చెప్పారు? నువ్వు చెప్పావా?"

"లేదు."

"మరి?"



మర్నాడు పొద్దున్నే థీసిస్ అమ్మాయిని వెంటబెట్టుకుని పెద్దమేడమ్ గదికి వెళ్ళాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. చొక్కా చెయ్యి మడిచి, పేలిక విప్పి, బల్ల మీద కాగితం పరిచి దాని మీద పెట్టాడు. గదంతా తడిపలక వాసన నిండింది. జరిగింది చెప్పాడు. ఎక్కువ మాటలు కాలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఈ కట్టు?" అంది మేడమ్.

"మొదటి విడతకి వారం ముందు నుంచి."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే బల్ల దగ్గర నుంచి లేపేస్తారని."

"చెప్పకపోయినా లేపేదాన్నే."

"అవునండి. అదీ తెలుసు."

మేడమ్ పేలికను పెన్నుతో కదిపి చూసింది. "అంటే ఈ రెండు విడతల్లో మనం పరీక్షించింది ఎలుకల్ని కాదు. మీ అత్తగారి కట్టుని."

అమ్మాయికి నవ్వాగలేదు. మేడమ్ చూపు తగిలి దగ్గుగా మార్చుకుంది.

"ఇదంతా మీ ఊహ బాబాయ్. బాగానే ఉంది, కానీ ఊహే. మూడో విడత మీరు ముట్టుకోకుండా జరగాలి. బంకనీళ్ళ ఎలుకలు వాస్తే కట్టే కారణం. వాయకపోతే ఈ కట్టు కథ నిలవదు. అప్పుడు నేను సంతకం పెట్టాల్సిన కాగితం ఒకటుంది."

"ఎవరు ముంచుతారండి?"

మేడమ్ అమ్మాయి వైపు చూసింది. అమ్మాయి గోడ వైపు చూసింది.

అలా బాబాయి గతి అమ్మాయి చేతిలో పడింది. కళాశాలలో ఎలుక పేరు చెబితే కుర్చీ ఎక్కే పిల్లగా ఆ అమ్మాయికి పేరుంది. మొదటి రెండు రోజులు ఆయన ఆమెను బోనులో చెయ్యి పెట్టి ఊరుకోమన్నాడు.

"ఎంతసేపు బాబాయ్?"

"దానికి నీ మీద విసుగొచ్చేదాకా."

మూడో రోజు కొయ్యకాలు చేతికిచ్చి, వరసగా ఇరవైసార్లు ఒకటిన్నర తెప్పించమన్నాడు. పద్దెనిమిది దాకా వచ్చి పందొమ్మిదోసారి ఒకటి పాయింట్ అయిదు ఒకటి వచ్చింది.

"ఒకటేగా ఎక్కువ" అంది అమ్మాయి.

"ఆ ఒకటి మీద నా ఉద్యోగం ఉంది తల్లీ. మళ్ళీ మొదటి నుంచి."

ఎనిమిదో రోజు ఒక ఎలుక ఆమె చూపుడువేలు కరిచింది. ఏడవకుండా బోనులో పెట్టి, తలుపు వేసి, అప్పుడు ఏడ్చింది. బాబాయికి తృప్తి కలిగింది. తనకీ విద్య అప్పుడే మొదలైంది, మొదటి కాటు తర్వాత. పన్నెండో రోజుకి కొయ్యకాలు ఇరవై దాటింది. ముప్ఫై దాటింది. గ్లౌజులతో. గ్లౌజులతో ఎలా కుదిరిందో ఆయనకు ఇప్పటికీ అర్థం కాలేదు, కానీ కుదిరింది, కాబట్టి ఆ విషయం మీద మళ్ళీ మాట్లాడలేదు.

మూడో విడత నాడు ఆయనను కిటికీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. బల్లకు ఆరు అడుగుల దూరం, మేడమ్ కొలిచి మరీ సుద్దగీత గీయించింది. చేతులు ఏం చేసుకోవాలో ఆయనకు తెలియలేదు. తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. అమ్మాయి మొదటి ఎలుకను ముంచినప్పుడు ఆయన ఎడమ భుజం దానంతటదే ఒక అంగుళం కిందికి వెళ్ళింది.

మొదటి గంట, ఏమీ లేదు. రెండో గంటకు అమ్మాయి గొంతు కాస్త మారింది. మూడో గంటకు నాలుగో నంబరు ఎలుకను ఎత్తి, ముంచి, చదవకుండా అలా ఉండిపోయింది.

"ఎంతమ్మా?" అంది మేడమ్.

"రెండు పాయింట్ మూడు."

నాలుగో నంబరు ఏ జట్టుదో బాబాయికి తెలియదు. కానీ స్టూలు మీద నుంచే ఆ పాదం కనబడుతోంది, గుండ్రంగా, ఎర్రగా, పొంగిన బుగ్గలా. ఎలుక కాలు వాచినందుకు ఇంత సంతోషపడ్డ మనిషి లోకంలో మరొకడు ఉండడు. వెంటనే పాపం అనిపించి, సాయంత్రం దానికి రెండు గింజలు ఎక్కువ వేయాలని మనసులో అనుకున్నాడు.

చివరికి లెక్క తేలింది. బంకనీళ్ళవి బాగా వాచాయి. మాత్ర వేసుకున్నవి చాలా తక్కువ వాచాయి. ఆకు తాగినవి ఆ రెంటికీ మధ్యలో నిలిచాయి, ఎక్కువ తాగినవి కొంచెం నయం. థీసిస్ అమ్మాయి కాగితం మీద గీతలు గీసుకుంటూ తనలో తను మాట్లాడుకుంటోంది. మేడమ్ లెక్క రెండోసారి చూసి బాబాయి వైపు తిరిగింది.

"తాగిస్తే మధ్యస్థంగా ఉంది. మీ మణికట్టు మీద నుంచి కారిందే ఎక్కువ పనిచేసినట్టుంది. పైన పట్టించి చూడాలి. కమిటీకి కొత్తగా రాస్తాను. మీ అత్తగారు ఎంత ఆకు, ఎంత నీళ్ళు, ఎంత వేడి చేస్తుందో కనుక్కుని చెప్పండి."

బాబాయి కనుక్కున్నాడు.

"గుప్పెడు" అంది అత్తగారు.

"గుప్పెడంటే ఎంతత్తయ్యా?"

"గుప్పెడంత."

అందుకని ఆవిడే రావలసి వచ్చింది. మూడు అంతస్తులూ మెట్లెక్కి, ప్రతి అంతస్తులోనూ ఆగి కళాశాల ఎలా కట్టి ఉండాల్సిందో చెప్పి, ఎలుకల గదిలోకి అడుగుపెట్టింది. తన రోలు తనే తెచ్చుకుంది. తెల్లకోటు ఇస్తే, "ఇదెందుకు, నేనేం ఒలకబోస్తానా" అని కుర్చీ మీద వేసింది. బోనుల్లోకి వంగి చూసింది.

"ఇవేనా నాకు సర్టిఫికెట్ ఇచ్చినవి? కాస్త బక్కగా ఉన్నాయి."

మేడమ్ బల్ల మీద మిల్లీగ్రాముల తూకం పెట్టి, "అమ్మా, మీరు మామూలుగా ఎంత తీసుకుంటారో అంత ఆకు ఇందులో వేయండి" అంది. అత్తగారు సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి వేసింది. ముప్ఫై ఒక్క గ్రాములు. మేడమ్ రాసుకోవడానికి తన ఫైలులోంచి చేతికి దొరికిన కాగితం తీసుకుంది.

"ఇంకోసారి వేస్తారా?"

ముప్ఫై ఒకటి.

"ఇంకోసారి."

"నా చెయ్యి మీద నమ్మకం లేదా నీకు?" అంటూనే వేసింది. ముప్ఫై ఒకటి. తర్వాత ముప్ఫై రెండు. అంకె చూడకుండానే అత్తగారు ఆగి, ఒక్క ఆకు తీసి పక్కన పెట్టింది. ముప్ఫై ఒకటి.

"అదెందుకు తీశారు?" అంది మేడమ్.

"ఎక్కువైంది."

తూకం చప్పుడు, ఆకుల చప్పుడు. పదిసార్లు వేయించి పది అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసింది మేడమ్. రాసిన కాగితాన్ని అమ్మాయికి ఇచ్చి, పుస్తకంలో అంటించమంది. అమ్మాయి దాన్ని తిప్పి చూసి, బాబాయికి కనబడేలా పట్టుకుంది. వెనక వైపు టైపు చేసిన అక్షరాలు. పైన ఆయన జీతం కాగితంలో పేరు. మధ్యలో స్టోరు అన్న మాట. కింద సంతకం కోసం వదిలిన ఖాళీ, ఖాళీగానే.

"జిగురు కాస్త ఎక్కువ పెట్టమ్మా. ఊడి రాకూడదు" అంది మేడమ్ తల ఎత్తకుండా. తర్వాత బాబాయితో, "యంత్రం వచ్చే నెల వస్తోంది. అది సరిగ్గా చెబుతోందో లేదో చూడ్డానికి ఆ కొయ్యకాలు కావాలి. దాన్ని ముంచే మనిషీ కావాలి. మణికట్టు తగ్గిందా?"

"తగ్గిందండి."

"కట్టు?"

"ఆదివారాలు మాత్రమేనండి. ఇంట్లోనే."

మేడమ్ తూకం మీద మిగిలిన ఆకులను చూసి, బాబాయి చేతిని చూసి, అత్తగారి చేతిని చూసింది. "మీ ఇంట్లో అందరి చేతులూ ఇంతేనా అమ్మా?"

"అందరివీ కాదు. మా అమ్మాయి చేతిలో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే" అంది అత్తగారు రోలు దగ్గరకు లాక్కుంటూ. "ఇతను పెళ్ళిచూపులకొచ్చిన రోజు మా తలుపు బందు కిర్రుమంటుంటే, ఒక్క మాటా మాట్లాడకుండా లేచి బిగించి మళ్ళీ కూర్చున్నాడు. ఏం చదివాడని నేను అడగలేదు. ఆ తలుపు ఇప్పటికీ కిర్రుమనదు."

తర్వాత బాబాయి వైపు తిరిగి పొత్రం అందించింది.

"చూస్తూ నిలబడ్డావేం అల్లుడూ, నూరు. కుడిచేత్తో."